బీమా సఖిగా చేరమంటున్నారు. చేరాలా? అంతకంటే ముందు మా ఇంటికి పాలసీ అవసరమా?

కొల్లేటి కోడలు:

అందరికీ నమస్కారం. మాది కైకలూరు దగ్గర పల్లె. ఇంటర్ వరకు చదివాను. ఇంట్లో బ్లౌజులు కుడతాను, మా డ్వాక్రా సంఘంలో రెండో లీడరుని. మావారు చేపల చెరువు లీజుకు తీసుకుని చేస్తారు. పట్టుబడి అయిన నెలలో ఇంట్లో డబ్బు కనిపిస్తుంది, మిగతా నెలల్లో మేత కొట్టు పద్దు కనిపిస్తుంది. పిల్లలిద్దరూ చిన్నవాళ్లు.

పోయిన నెల సంఘం సమావేశానికి ఒక డెవలప్‌మెంట్ ఆఫీసరు గారు వచ్చారు. ఎల్‌ఐసీలో బీమా సఖిగా, అంటే పాలసీలు చేయించే మహిళా ఏజెంటుగా చేరితే నెలకు మొదటి ఏడాది 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 రూపాయల స్టైపెండు, అది కాక కమీషను అని చెప్పారు. పదో తరగతి ఉంటే చాలట. ఏడాదికి 24 పాలసీలు చేయాలట. "మీ సంఘంలోనే పది మంది ఉన్నారు. మీ అక్కచెల్లెళ్లు, ఆడపడుచులు, పుట్టింటివాళ్లు. ఇక మిగిలింది ఎంతమ్మా?" అని నవ్వేశారు. నాకు అక్కడే గుబులు పట్టుకుంది. మా ఆడపడుచు నా మాట కాదనలేక ఒక పాలసీ చేసి, మరుసటి ఏడు కట్టలేక ఆపేస్తే సంక్రాంతికి ఆ గుమ్మం ఎలా ఎక్కేది?

పైగా మొదటి పాలసీ మా ఇంట్లోనే చేయాలన్నారు. మావారికి 35 ఏళ్లు. ఆయన పేరు మీద 10 లక్షలకు, 20 ఏళ్లు, ఏడాదికి సుమారు 50,000 కట్టాలి. చివర్లో 18, 19 లక్షలు వస్తాయట. మావారేమో ఆ 50,000 మేతలో పెడితే ఈ పంటకే తిరిగొస్తుంది కదా అంటారు. మా అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, "మనిషి పోతే వచ్చే డబ్బు గురించి దీపం పెట్టే వేళ మాటలేమిటి?" అని లేచి వెళ్లిపోయారు.

అడగదలచుకున్నవి రెండు. మాలాంటి ఇంటికి ఈ పాలసీ మంచిదేనా? నేను నమ్మకుండా పక్కవాళ్లకు ఎలా అమ్మను? రెండోది, ఇది నిజంగా బతుకుతెరువు అవుతుందా, లేక మూడేళ్లు స్టైపెండు తీసుకుని మానేసే పనా? ఈ పని చేసినవాళ్లు చెబితే సంతోషిస్తాను.


లెక్కల మాస్టారు, నరసరావుపేట:

అమ్మా, మీరు ఇచ్చిన అంకెలతోనే చూద్దాం.

ఎండోమెంట్ అనే ఈ రకం పాలసీల్లో బోనస్ వెయ్యి రూపాయల బీమాకు ఇంత అని ఏటా ప్రకటిస్తారు. లెక్క కోసం వెయ్యికి 44 అనుకుందాం. 10 లక్షల బీమాకు ఏడాదికి 44,000. ఇరవై ఏళ్లకు 8 లక్షల 80 వేలు. అసలు 10 లక్షలు కలిపితే 18 లక్షల 80 వేలు. మీ ఆఫీసరు గారు చెప్పినది అబద్ధం కాదు. అయితే మొదటి ఏడాది జమ అయిన 44,000 ఇరవయ్యో ఏడాదికి కూడా 44,000గానే ఉంటుంది. దాని మీద వడ్డీ రాదు. చాలామంది చూడని చోటు అదే. మొత్తం వెనక్కి లెక్క వేస్తే మీ డబ్బు మీద గిట్టేది ఐదున్నర, ఐదుముప్పావు శాతం మధ్య.

ఇప్పుడు ఆ 50,000ను రెండుగా విడదీయండి. 35 ఏళ్ల ఆరోగ్యవంతుడికి, పొగాకు అలవాటు లేకపోతే, 50 లక్షల టర్మ్ పాలసీ (గడువులో మనిషి పోతేనే డబ్బు వచ్చేది, లేకపోతే ఏమీ తిరిగి రానిది) ఏడాదికి 10,000 అటూఇటూగా దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ కూడా లేదు, అంతకుముందు టర్మ్ మీద 18 శాతం ఉండేది. మిగిలిన 40,000 పోస్టాఫీసులో పీపీఎఫ్ (ప్రభుత్వ పొదుపు పథకం) ఖాతాలో వేస్తే, 7.1 శాతం చొప్పున 20 ఏళ్లకు 17 లక్షల 75 వేల దాకా అవుతుంది. పీపీఎఫ్ గడువు 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. వడ్డీ రేటు ప్రభుత్వం మార్చవచ్చు, 2020 ఏప్రిల్ నుంచి మాత్రం ఇదే నడుస్తోంది.

అంటే చివర్లో చేతికి వచ్చేది రెండు దారుల్లో లక్ష తేడాతో దగ్గర దగ్గరే. కాని ఆ ఇరవై ఏళ్లలో ఏదైనా జరిగితే ఒక దారిలో 10 లక్షలు, అప్పటిదాకా చేరిన బోనస్. రెండో దారిలో 50 లక్షలు, దానితో పాటు పీపీఎఫ్‌లో ఉన్నది. ఇద్దరు చిన్న పిల్లలున్న ఇంటికి ఏది కావాలో నేను చెప్పనక్కరలేదు.

ఎల్‌ఐసీ పాలసీకి ఒక బలం ఉంది, అదీ చెప్పాలి. బీమా మొత్తానికీ ప్రకటించిన బోనస్‌కూ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ హామీ ఉంటుంది. భద్రత లేదని ఎవరూ అనలేరు. నా అభ్యంతరం భద్రత మీద కాదు, అంత డబ్బు తీసుకుని ఇంత తక్కువ బీమా ఇవ్వడం మీద.

మీ వారు అన్న "మేతలో పెడితే" అనే మాటకు నా దగ్గర లెక్క లేదు. చెరువులో ఆక్సిజన్ పడిపోయిన రాత్రి ఎంత శాతమో నాకు తెలియదు.


బందరు పెద్దాయన:

మాస్టారి లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. 1988 నుంచి ఈ పనిలో ఉన్నవాణ్ని, ఆ లెక్క నాకూ తెలుసు. నాకు తెలిసిన ఏజెంట్లలో సగం మందికి తెలియదు, మిగతా సగం తెలిసీ చెప్పరు. ఎందుకంటే 10,000 టర్మ్ ప్రీమియం మీద వచ్చే కమీషను టీ ఖర్చులకు సరిపోతుంది, 50,000 మీద వచ్చేది పిల్లల ఫీజుకు సరిపోతుంది. ఈ వృత్తిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొనేవాడికి ఎక్కువ పనికొచ్చేది అమ్మేవాడికి తక్కువ పనికొస్తుంది. ఇది తెలుసుకుని దిగమ్మా.

అయితే మాస్టారు పలకా బలపంతో వేసిన లెక్క, చెరువు గట్టు మీద కొన్ని చోట్ల నిలబడదు.

ఒకటి, టర్మ్ పాలసీ అడిగితే కంపెనీ ముందు ఆదాయం రుజువు అడుగుతుంది. ఉద్యోగికి జీతం చీటీ ఉంటుంది. లీజు చెరువు చేసేవాడికి ఏముంటుంది? మేత కొట్టు పద్దు చూపిస్తే ఇవ్వరు. మీ వారు ఆదాయపు పన్ను రిటర్ను వేస్తున్నారా? పన్ను పడకపోయినా వేయవచ్చు. అవి లేకపోతే 50 లక్షల ప్రపోజల్ (దరఖాస్తు) బల్ల మీదే ఆగిపోతుంది. అలాంటివారి కోసమే బీమా నియంత్రణ సంస్థ 2021 జనవరి నుంచి అన్ని కంపెనీల చేత సరళ్ జీవన్ బీమా అనే ఒకే తరహా టర్మ్ పాలసీ పెట్టించింది. 5 లక్షల నుంచి 25 లక్షల దాకా ఇస్తారు. మొదటి 45 రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప వర్తించదు. ప్రీమియం కొంచెం ఎక్కువే. అయినా ఏమీ లేనిదానికంటే నయం.

రెండోది, నేను ఏ ఇంటికి వెళ్లినా మొదట ఆలోచించేది: వీళ్లు రెండో ప్రీమియం కడతారా? మొదటిది ఎవరైనా కడతారు. మొహమాటానికి కడతారు, నా పోరు పడలేక కడతారు, చేతిలో డబ్బు ఆడినప్పుడు కడతారు. రెండోది వచ్చేసరికి చెరువులో చేప ఉంటుంది, చేతిలో పైసా ఉండదు. గడువు తేదీ దాటాక ఏటా కట్టేవాళ్లకు 30 రోజులు ఆగుతారు, నెలనెలా కట్టేవాళ్లకు 15 రోజులే. ఆ తర్వాత పాలసీ ల్యాప్స్, అంటే ఆగిపోయినట్టే. ఐదేళ్లలోపు వడ్డీతో బాకీ కట్టి రివైవల్ చేసుకోవచ్చు, కాని ఆ బాకీ ఏడాదికేడాది పెరిగి కొండ అవుతుంది. పాలసీలు ఐదేళ్లు నిండేసరికి సుమారు సగమే బతికి ఉంటాయి, దేశమంతటా ఇదే వరస. ఒకప్పుడు తొలి ఏళ్లలో ఆపేస్తే కట్టినదంతా గంగలో కలిసేది. 2024 అక్టోబరు తర్వాత వచ్చిన పాలసీలకు మొదటి ఏడాది ప్రీమియం పూర్తిగా కట్టి ఉంటే మధ్యలో వదిలేసినా ఎంతో కొంత సరెండర్ విలువ అని తిరిగి ఇస్తున్నారు. ఎంతో కొంతే.

మీది పంటకొకసారి డబ్బు చూసే ఇల్లు. ఏటా తప్పకుండా 50,000 అనే ముడి మీకు వేయకూడదు. పీపీఎఫ్‌లో అయితే ఏడాదికి 500 వేసినా ఖాతా బతుకుతుంది, పట్టుబడి బాగున్న ఏడు లక్ష వేయవచ్చు. ఈ మాట మాస్టారు చెప్పలేదు, నేను చెబుతున్నాను. ఏజెంటు నోట పీపీఎఫ్ మాట రావడం మా బ్రాంచిలో చూస్తే నవ్వుతారు.

ఇక అత్తగారి మాట. బందరు వాళ్లకు బీమా కొత్తేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టి, 1925లో ఇక్కడే ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1956లో జాతీయం చేసినప్పుడు 245 సంస్థలు కలిసి ఎల్‌ఐసీ అయ్యాయి, అందులో మా ఊరిదీ ఉంది. నూరేళ్లయింది. అయినా ఈ రోజుకూ నేను సంచీ తీయగానే లోపలికి వెళ్లిపోయే పెద్దావిడలు ఉన్నారు. నేనెప్పుడూ "మీవాడు పోతే" అనను. "మేత కొట్టు బాకీ ఎవరి పేరు మీద ఉందమ్మా?" అని అడుగుతాను. ఆ బాకీ రేపు ఎవరి మెడకు చుట్టుకుంటుందో వాళ్లకే అర్థమవుతుంది. ఆ పైన మాట్లాడేది వాళ్లే.

బాకీ అంటే గుర్తొచ్చింది, ఇది మీకు ముఖ్యం. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం అని ఒకటుంది. ప్రపోజల్ పెట్టేటప్పుడే ఆ చట్టం కింద అని ఒక ఫారం జత చేస్తే, ఆ డబ్బు భార్యాబిడ్డలకే. అప్పులవాళ్లు కోర్టుకు వెళ్లినా దాని జోలికి రాలేరు. పాలసీ వచ్చాక కావాలంటే కుదరదు, మొదట్లోనే చేయాలి. తర్వాత మీ వారు ఆ పాలసీ మీద తన ఇష్టానికి అప్పు తీసుకోవడమూ కుదరదు. అప్పుల మీద వ్యాపారం చేసే ప్రతి ఇంట్లో ఇది ఉండాలి. మన ఆక్వా ప్రాంతంలో నేను చెబితే తప్ప ఎవరూ తమంతట తాము అడిగిన గుర్తు లేదు.

ఉద్యోగం సంగతి భోజనం చేసి వచ్చి రాస్తాను.


బ్యాంకు గుమాస్తా, విశాఖ:

పెద్దాయన వచ్చేలోపు ఒక మాట. నేను పనిచేసే బ్యాంకు పేరు చెప్పను. మా శాఖలో బంగారం రుణానికి వచ్చినా, లాకరుకు వచ్చినా, ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యువల్‌కు వచ్చినా ఒక పాలసీ కాగితం ముందు పెడతారు. పైనుంచి ప్రతి శుక్రవారం ఎన్ని అయ్యాయని ఫోను. పింఛను తీసుకునే ఒక పెద్దావిడ డిపాజిట్ అనుకుని సంతకం పెట్టింది, అది ఏటా కట్టాల్సిన పాలసీ. మనవడు చూసి పట్టుకొచ్చాడు. అదృష్టం, 30 రోజులు కాలేదు. పాలసీ బాండు చేతికి అందిన 30 రోజుల్లోపు నచ్చలేదని తిరిగి ఇచ్చేయవచ్చు, స్వల్పంగా కొన్ని ఖర్చులు పట్టుకుని మిగతా డబ్బు వాపసు ఇవ్వాలి. ఆవిడకు అలాగే వచ్చింది.

ఆ గడువు దాటినవాళ్లు ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఆంధ్ర, తెలంగాణ రెండింటికీ అదే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. రుణం కావాలంటే పాలసీ తప్పనిసరి అని ఎవరైనా అంటే, ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మనండి. ఎవరూ రాసి ఇవ్వరు.

చెల్లెమ్మా, మీరు అమ్మితే కనీసం మీ ఊళ్లోనే ఉంటారు. మా శాఖలో అమ్మినవాళ్లు ఏడాది తిరిగేసరికి బదిలీ అయిపోతారు.


నల్గొండ నుంచి రాధ:

నేను కొన్నవైపు నుంచి చెబుతాను. మా ఆయన రెండేళ్ల క్రితం పొలంలోనే గుండెపోటుతో పోయారు. 47 ఏళ్లు. మాకు వచ్చిన డబ్బు మూడు చోట్ల నుంచి. రైతు బీమా 5 లక్షలు. మా రాష్ట్రంలో 2018 నుంచి పట్టా ఉన్న రైతులకు ప్రభుత్వమే ప్రీమియం కట్టి ఎల్‌ఐసీలో చేయిస్తోంది, ఎలా పోయారన్నది చూడరు. వ్యవసాయ శాఖ ఏఈవో గారే ఇంటికి వచ్చి కాగితాలు తీసుకున్నారు, నామినీ కాబట్టి నా ఖాతాలోనే పడింది. రెండోది, బ్యాంకు పాసుపుస్తకంలో మే నెలలో 436 రూపాయలు కోసిన పద్దు మా అబ్బాయి చూసి అడిగితే తెలిసింది, ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా అట, 2 లక్షలు. ఆయన ఎప్పుడు సంతకం పెట్టారో నాకు చెప్పనేలేదు.

మూడోది మాకు తెలిసినాయన చేయించిన మనీబ్యాక్ పాలసీ, మధ్యమధ్యలో కొంత డబ్బు తిరిగి ఇచ్చే రకం. మేం ఎక్కువ కట్టింది దానికే. నాలుగేళ్లు కట్టి, పత్తి పోయిన ఏడు ఆపేశాం. గుర్తుచేసేవారు లేరు. పెయిడప్ అయింది, అంటే కట్టినంతవరకే బీమా అని చెప్పి, బీమా మొత్తంలో చిన్న ముక్క ఇచ్చారు. కట్టినదానికంటే కాస్త ఎక్కువ, అంతే.

ఆంధ్రలో రైతు బీమా లేదు కాని 436 రూపాయలది మీకూ ఉంటుంది, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరవచ్చు. మీ వారిదీ మీదీ ఇద్దరివీ చేయించండి. మీ సంఘంలో పది మందివీ చూడండి, చాలామందికి ఉందో లేదో కూడా తెలియదు. ఇది అమ్మితే మీకు కమీషను రాదు, నాకు తెలుసు. అయినా చెబుతున్నాను.


బందరు పెద్దాయన:

రాధమ్మ చెప్పిన ఆ మూడో పాలసీ ఏజెంటు ఎవరో తెలియదు కాని, గుర్తుచేయడం ఆయన పని. తర్వాతి ఏళ్ల ప్రీమియం మీద రెన్యువల్ కమీషను దేనికి ఇస్తారనుకున్నాడో.

సరే, బీమా సఖి. ఈ పథకం 2024 డిసెంబరులో పానిపట్‌లో మొదలైంది. ఆఫీసరు గారు స్టైపెండు అంకెలు సరిగ్గానే చెప్పారు, కింద ఉన్న షరతులు చెప్పారా? రెండో ఏడాది 6,000 రావాలంటే, మొదటి ఏడాది మీరు చేసిన పాలసీల్లో కనీసం 65 శాతం ఆ రెండో ఏడాది చివరికి బతికి ఉండాలి. మూడో ఏడాదికీ అదే తరహా షరతు. చూశారా, మళ్లీ అక్కడికే వచ్చాం. రెండో ప్రీమియం. ఆడపడుచులకూ అక్కచెల్లెళ్లకూ మొహమాటపు పాలసీలు 24 అంటగడితే, మరుసటి ఏడు పది ఆగిపోతాయి. మీ స్టైపెండు ఆగిపోతుంది, సంక్రాంతి భోజనమూ ఆగిపోతుంది. ఆఫీసరు గారికి మాత్రం ఆ ఏడాది లెక్క నిండుతుంది. ఆయన్ను తప్పు పట్టను, కొత్త వ్యాపారం మీదే ఆయన బతుకు. ఇంకో నిబంధన, మీ ఇంట్లో, దగ్గరి బంధువుల్లో ఎవరైనా ఇప్పటికే ఎల్‌ఐసీ ఏజెంటో ఉద్యోగో అయితే మిమ్మల్ని తీసుకోరు. ముందు అది చూసుకోండి.

డబ్బు ఎంత వస్తుందో వేసి చూద్దాం. 24 పాలసీలు, ఒక్కోటి ఏడాదికి 10,000 ప్రీమియం అనుకోండి. పల్లెల్లో అంతకంటే పెద్దవి దొరకడం కష్టం. మొత్తం 2 లక్షల 40 వేలు. కమీషను నాలుగో వంతు అనుకున్నా 60,000. స్టైపెండు 84,000. కలిపితే నెలకు 12,000. పల్లెలో ఇంటి పట్టున ఉండే ఆడపిల్లకు అది చిన్న మొత్తం కాదు. ఇందులోంచి పెట్రోలు, జెరాక్సులు, ఫోను తీసేయండి. ఇప్పుడు నాలుగో ఏడాది చూడండి. స్టైపెండు లేదు. మొదటి ఏడాది చేసిన ఆ 2 లక్షల 40 వేల మీద రెన్యువల్ ఐదు నుంచి ఏడున్నర శాతం. ఏడాదికి 12,000 నుంచి 18,000. అన్నీ బతికి ఉంటేనే. మూడేళ్ల వ్యాపారం కలిపినా నెలకు మూడు, నాలుగు వేలు. అంటే నాలుగో ఏడాది కూడా కొత్త పాలసీలు చేస్తూనే ఉండాలి. మా కాలంలో మొదటి ఏడాది కమీషను ఇంకా ఎక్కువ ఉండేది. ఈ మధ్య అది తగ్గించి తర్వాతి ఏళ్లది పెంచారు. ఏజెంట్లంతా గోల పెట్టారు, నేను పెట్టలేదు. వెంటపడి తిరిగి చూసుకునేవాడికి అదే మేలు.

పట్నంలో మార్చి నెల అంటే మాకు పండగ. జీతగాళ్లు పన్ను మినహాయింపు కోసం తమంతట తామే ఫోను చేసేవారు. కొత్త పన్ను విధానంలో 80సీ అనే ఆ మినహాయింపు లేదు, ఫోన్లూ తగ్గాయి. మీకు ఆ బెంగ లేదు, పల్లెలో ఆ మార్చి ఎప్పుడూ లేదు.

పరీక్ష గురించి భయపడకండి. 25 గంటల శిక్షణ, 50 ప్రశ్నలు, 35 శాతం వస్తే చాలు, తెలుగులో రాయవచ్చు. కష్టమైన పరీక్ష ఆ తర్వాత వాకిట్లో ఉంటుంది. "మొదటి ప్రీమియంలో మాకెంత వెనక్కి ఇస్తారు?" అని అడుగుతారు. అలా ఇవ్వడం బీమా చట్టం 41వ సెక్షను కింద నేరం, 10 లక్షల దాకా జరిమానా. అయినా ఇచ్చేవాళ్లు మీ పక్క వీధిలోనే ఉంటారు. మీరు ఇవ్వనంటే ఆ పాలసీ వాళ్లకు పోతుంది. పోనివ్వండి. డబ్బు వెనక్కి తీసుకుని పాలసీ చేసినవాడు రెండో ఏడాది కట్టడం నేను పెద్దగా చూడలేదు.


లెక్కల మాస్టారు, నరసరావుపేట:

పెద్దాయన గారూ, నాలుగో ఏడాదికి మీరే 4,000 తేల్చారు. బ్లౌజులు కుట్టినా అంత వస్తుంది కదా? పైగా టర్మ్ మంచిదని చెబుతూ ఎండోమెంట్ అమ్మి బతకమనడం ఎలా కుదురుతుంది?


బందరు పెద్దాయన:

కుదురుతుంది మాస్టారూ, కొనేవాణ్ని బట్టి. మీ లెక్కలో మిగిలిన 40,000 నేరుగా పీపీఎఫ్‌కు నడిచి వెళుతుంది. నేను చూసిన ఇళ్లలో అది చీటీకీ, పుష్కరాలకు బట్టలకూ, బావమరిది అప్పుకూ నడిచి వెళుతుంది. ఏజెంటు వచ్చి కూర్చుంటే తప్ప దాచని మనుషులు ఉన్నారు. జీతం వచ్చే అంగన్‌వాడీ టీచరుకు, ఆర్టీసీ కండక్టరుకు చిన్న ఎండోమెంట్ ఇస్తే మెచ్యూరిటీ దాకా కడతారు, ఆ డబ్బుతో కూతురి పెళ్లి చేస్తారు. ఐదున్నర శాతమేనని వాళ్లెవరూ నన్ను నిలదీయలేదు. చెరువు లీజుదారుకు అదే పాలసీ ఇవ్వను. మనిషిని చూసి ఇవ్వాలి. బ్లౌజులు మానమని ఎవరన్నారు? కొలతలకు వచ్చే ప్రతి ఆడమనిషీ ఈ అమ్మాయి ముందు పావుగంట నిలబడి ఇంటి సంగతులు చెబుతుంది. నాకు ఆ అవకాశం లేక ఎండలో తిరిగాను.


కొల్లేటి కోడలు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. మా బంధువుల్లో ఏజెంట్లు ఎవరూ లేరు. బాబాయ్ గారూ, ఒకటి రాయడం మరిచాను. మావారికి రెండేళ్లుగా షుగరు ఉంది, ఉదయం మాత్ర వేసుకుంటారు. ఆఫీసరు గారితో అంటే "మాత్రే కదా, ఫారంలో లేదని రాసేద్దాం, మూడేళ్లు దాటితే ఎవరూ అడగరు" అన్నారు. నిజమేనా? పెళ్లికి ముందు ఆయన పేరు మీద మా మామగారు కట్టిన చిన్న పాలసీ కూడా ఒకటి ఉంది. దానికి నామినీ మా అత్తగారే.


బందరు పెద్దాయన:

ఆ మాట విన్నాక ఇంకేం చెప్పను. బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించలేరు, ఆ మాట నిజమే. కాని ఆ మూడేళ్ల లోపల జరిగితే? విచారణకు వస్తారు, మందుల షాపు చీటీ దగ్గర నుంచి ఆర్‌ఎంపీ దాకా అడుగుతారు. దాచారని తేలితే క్లెయిమ్ పోతుంది. అప్పుడు ఆఫీసరు గారు ఇంకో ఊళ్లో ఉంటారు, మీరు మేత కొట్టు ముందు ఉంటారు. ఇంకో సంగతి, మధ్యలో ల్యాప్స్ అయి రివైవల్ చేస్తే ఆ మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క.

షుగరు ఉందని రాయండి. రక్త పరీక్ష చేయిస్తారు, ప్రీమియం కొంత పెంచుతారు. మాస్టారు చెప్పిన 10,000 మీకు వర్తించదు. ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీని అడగవచ్చు. ఫారం మీ చేత్తో మీరే నింపండి, సంతకం పెట్టాక ప్రతి పేజీ ఫోటో తీసి ఉంచుకోండి. ఖాళీగా వదిలిన గడి ఒక్కటీ ఉండకూడదు.

పాత పాలసీ నామినీ విషయం అత్తగారిని నొప్పించకుండా తేల్చండి. తల్లి నామినీగా ఉంటే కంపెనీ డబ్బు ఆవిడ చేతికే ఇస్తుంది. ఆవిడకు కొంత వాటా ఉంచి, మిగతాది మీ పేరు మీద, శాతాలు వేసి మార్పించవచ్చు. ఒక ఫారం, పాలసీ ఉన్న బ్రాంచిలో ఇవ్వాలి. పెళ్లయిన ఏడాదే చేయాల్సిన పని ఇది, పదింట ఎనిమిది ఇళ్లలో చేయరు.


కొల్లేటి కోడలు:

ఇవాళ మావారికి అన్నీ చదివి వినిపించాను. వివాహిత స్త్రీల చట్టం దగ్గర ఆగి రెండుసార్లు చదవమన్నారు. రిటర్ను ఈ ఏడాది నుంచి వేస్తామన్నారు, కైకలూరులో ఎవరు వేస్తారో కనుక్కోవాలి. 436 రూపాయలది రేపు బ్యాంకులో అడుగుతాను, మా సంఘం పాసుపుస్తకాలన్నీ తెమ్మని చెప్పాను. షుగరు రాసి 25 లక్షలకు ముందు ప్రయత్నిస్తాం. 50,000 పాలసీ వద్దనుకున్నాం.

సఖి దరఖాస్తు మాత్రం ఇంకా ఇవ్వలేదు. ఆఫీసరు గారిని పోయిన ఏడాది చేర్చిన సఖుల్లో ఎంతమందికి రెండో ఏడాది స్టైపెండు వస్తోందో అడిగాను. కనుక్కుని చెబుతానన్నారు.


బందరు పెద్దాయన:

ఆయన కనుక్కునేలోపు ఆ సఖుల్లో ఇద్దరి ఫోను నంబర్లు ఆయన్నే అడిగి తీసుకోండి. వాళ్లతో మీరే మాట్లాడండి.